మంద నిలిచిన పొలం

తిరుమలమ్మ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలంలో ధనంజయ తన పొలంలో ఎల్లప్ప గొర్రెల మందను నిలపాల్సినదానికంటే చాలా ఎక్కువ రోజులు నిలుపుకున్నాడు. అది తప్పని అతనికి తెలుసు. తెలియక చేసిన పనైతే తర్వాత అంత బాధ ఉండేది కాదేమో.

తిరుమలమ్మ అతనికి అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ధనంజయకు చూసిన సంబంధాలు ఒకటి రెండు చేతిదాకా వచ్చి తప్పిపోయాయి. ఆ తర్వాత ఎవరూ గట్టిగా ప్రయత్నించలేదు, అతనూ అడగలేదు. పలమనేరుకు అవతల, అడవి అంచున ఉన్న పల్లెలో అక్కాతమ్ముళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళు కలిసి సేద్యం చేశారు. ఊళ్ళో ఇల్లు పడిపోతే మళ్ళీ కట్టుకోలేదు. పొలంలోనే బోరు పక్కన రేకుల ఇల్లు వేసుకున్నారు.

దున్నడం, నీళ్ళు కట్టడం, మార్కెట్టుకు తోలడం అతని వంతు. నేలకు ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్నది ఆమె వంతు. పెంటదిబ్బలోంచి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. పేడ వాసన తగిలితే "ఇంకా మాగలేదు" అని దిబ్బ మీదికే విసిరేసేది. నల్లగా, పొడిపొడిగా రాలితేనే బండికి ఎత్తనిచ్చేది. క్యారెట్టుకూ బీట్‌రూటుకూ పచ్చి ఎరువు తగలకూడదనేది ఆమె పట్టు. ఒక ఏడు మందను నిలిపి, ఆ నేలలో రాగులు పండించి, ఆ తర్వాతే గడ్డ పైరు పెట్టేది. ధనంజయ యూరియా బస్తా విప్పితే పక్కనే నిలబడేది.

"చాలు, చాలు. మనం పెట్టేది ఆకు కోసరం కాదు" అనేది.

ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ దాదాపుగా ఇవే. సుఖదుఃఖాలు చెప్పుకున్న జ్ఞాపకం అతనికి లేదు. పొద్దున లేస్తే ఏ మడికి తడి కావాలి, ఏ పైరుకు పొటాషు పడాలి, సాయంత్రం కూర్చుంటే ఏ పొలం చెక్కలో పురుగు కనపడింది, ఇవే. పోయిన వానాకాలంలో తిరుమలమ్మ జ్వరమని పడుకుంది. పలమనేరులో చూపించారు, అక్కడినుంచి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడినుంచి ఆమె మాట్లాడుతూ తిరిగి రాలేదు. కర్మకాండ అయ్యేదాకా రేకుల ఇంటి ముందు మనుషులు ఉన్నారు. తర్వాత ఎవరి పనులు వాళ్ళకు వచ్చాయి.

ఒకరోజు మోటరు కాలిపోతే పలమనేరు నుంచి మెకానిక్కును పిలిపించాడు. అతను వచ్చి "ఏమైందన్నా?" అని అడిగితే ధనంజయ నోరు తెరిచాడుగానీ గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గి, సవరించుకుని చెప్పాల్సి వచ్చింది. మెకానిక్కు జలుబనుకున్నాడు. తను చివరిసారి మాట్లాడింది ఎప్పుడో, ఎవరితోనో ధనంజయకు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

పక్క పొలం శాంతయ్యది. మంచివాడే. కానీ పాడి ఆవులు, కొడుకులు, కోడళ్ళు, ఇంటినిండా జనం. గట్టు మీద ఎదురుపడితే "తిన్నావా?" అని అడిగి, జవాబు వినేలోపు ఎవరో పిలిస్తే వెళ్ళిపోయేవాడు. ఒకటి రెండుసార్లు భోజనానికి రమ్మన్నాడు. ధనంజయ వెళ్ళి కూర్చుని, అంతమంది మాటల మధ్య తన మాట ఎక్కడ కలపాలో తెలియక, తిని లేచి వచ్చేశాడు.

ఎండలు ముదిరాక తంబళ్ళపల్లె వైపు నుంచి ఎల్లప్ప మందను తోలుకుని వచ్చాడు. ఏటా వచ్చేవాడే. వెంట అతని భార్య గంగులమ్మ ఉంది. పగలంతా గొర్రెలను బీళ్ళలో మేపి, పొద్దు వాలితే ఎవరో ఒక రైతు పొలంలో చుట్టూ వల కట్టి నిలుపుతారు. రాత్రంతా పడిన పెంటా మూత్రమూ ఆ నేలకు సత్తువ. రైతు రాగులో బియ్యమో ఇచ్చుకుంటాడు. ఇంకో రైతు ఎదురుచూస్తుంటాడు గనక ఎక్కడా ఎక్కువ రోజులు ఉండరు.

తిరుమలమ్మ పోయిన సంగతి విని గంగులమ్మ ఇంటి గడపలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ధనంజయ లోపలికి పోయి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఏడుపు ఆపాక, సాయంత్రం బోరు దగ్గర మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. సంగటి గెలికింది. వేయించిన చెనక్కాయలతో ఊరిబిండి నూరింది.

"నీకు వేరే పొయ్యి యాలన్నా, ఈడే తిను" అంది.

ఆ రాత్రి ధనంజయ రెండు ముద్దలు తిన్నాడు. ఎల్లప్ప దారిలో చూసినవన్నీ చెప్పాడు: పుంగనూరు దగ్గర లారీ బోల్తా పడితే టమాటాలన్నీ రోడ్డు పాలైన సంగతి, అడవి దగ్గర ఏనుగులు చెరుకు తోటలో పడిన సంగతి. గొర్రెలు మధ్య మధ్యలో దగ్గుతున్నాయి, తుమ్ముతున్నాయి. ధనంజయ చాపమీద వెల్లకిలా పడుకుని వాళ్ళ మాటలు వింటూ వింటూ నిద్రపోయాడు.

మొదట మంద నిలిచింది ఇంటి వెనకాల చిన్న చెక్కలో. అక్కడ ఆ ఏడు రాగులు పెట్టాలి. చిన్న చెక్క కాబట్టి రెండు మూడు రాత్రులకే నేలంతా పెంటతో నల్లబడింది. ఎల్లప్ప వల చుట్టుకోవడం మొదలుపెట్టాడు. శాంతయ్య బావమరిది పొలంలో నిలుపుతానని మాటిచ్చి ఉన్నాడు.

"ముందర పెద్ద చెక్కలో కూడా నిలుపు ఎల్లప్పా" అన్నాడు ధనంజయ.

ఎల్లప్ప వల కిందపెట్టి ఆ వైపు చూశాడు. "ఆడ పోయినేడే నిలిపినాం గదన్నా. ఈ తూరి ఏం పెడతావు ఆడ?"

"రాగులే."

"మళ్ళీ రాగులేనా? గడ్డ పైరయితే వద్దన్నా. అక్క ఉంటే ఒప్పుకునేది కాదు."

"రాగులే అంటా ఉండా గదప్పా" అన్నాడు ధనంజయ.

పోయిన ఏడు మంద నిలిచి, రాగులు పండిన ఆ పెద్ద చెక్కలో ఈ ఏడు క్యారెట్టు పెట్టాలన్నది తిరుమలమ్మ బతికుండగానే అనుకున్న మాట. విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టాడు కూడా. అయినా నోటినుంచి అబద్ధం సులువుగా వచ్చేసింది. వానలు పడటానికి ఇంకా చాలా రోజులున్నాయి, అంతలోకి ఎండకు ఎండి, వానకు తడిసి, అదే మాగిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

పెద్ద చెక్కలో మంద రోజుకో వైపు జరుగుతూ పోయింది. ఒక మూల అయిపోతే ధనంజయ ఇంకో మూల చూపించాడు. అదీ అయితే, మొదటి మూలలో సరిగ్గా పడలేదన్నాడు. బోరు పక్కన, పొయ్యి పెట్టి కూర్చునే చోటు ఒక్కటే వదిలిపెట్టి పొలమంతా గొర్రెలు తిరిగాయి. శాంతయ్య బావమరిది ఫోన్ చేసి ఎల్లప్పను తిట్టాడు. ధనంజయ రాగుల మూట తెచ్చి గంగులమ్మ ముందు పెట్టాడు. ఆమె మూట వంకా అతని వంకా చూసింది. ఆ సాయంత్రం కూడా పొయ్యి రాజేసింది.

శాంతయ్య ఒకసారి గట్టు మీద నిలబడి, "ఏంది ధనంజయా, పొలానికి సత్తువ పెడతా ఉండావా, గొర్రెల దొడ్డి చేస్తా ఉండావా?" అని అడిగాడు. ధనంజయ నవ్వాడు.

చివరికి ఒక పొద్దున ఎల్లప్ప అడగకుండానే వల చుట్టి గాడిద మీద వేశాడు. గొర్రెలు లేచి దుమ్ము రేపుకుంటూ బాట పట్టాయి. ధనంజయ రోడ్డు దాకా వెళ్ళి, అవి మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగి వచ్చాడు. పొలమంతా పెంట వాసన. బోరు దగ్గర మూడు రాళ్ళు, బూడిద. ఆ రోజు అన్నం వండుకోవడానికి పొద్దుపోయేదాకా లేవలేదు.

ఆషాఢంలో వాన పడగానే దున్ని, బోదెలు తీసి క్యారెట్టు విత్తాడు. దున్నేటప్పుడు పెంటికలు ఇంకా ముద్దలు ముద్దలుగానే నాగలికి తగిలాయి. అతను ఆగలేదు.

పైరు మొలిచిన తీరు చూసినవాళ్ళు నిలబడిపోయేవాళ్ళు. ముదురాకుపచ్చ ఆకు, ఒత్తుగా, మోకాలి దాకా లేచింది. బాటన పోయే బండ్లవాళ్ళు ఆపి "ఏం వేసినావన్నా?" అని అడిగేవాళ్ళు. ధనంజయ గొర్రెల మంద అని చెప్పేవాడు. వాళ్ళు తలాడించి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ కాస్త మాటకే అతనికి ఆ పూట గడిచిపోయేది. కలుపు తీసే వంక పెట్టుకుని బాట వైపు బోదెల్లోనే ఎక్కువగా కూర్చునేవాడు.

శాంతయ్యే ఒకరోజు వచ్చి ఆకు పట్టుకుని చూశాడు. "ఆకు బలే ఉండాది. ఒకటి పెరికి సూసినావా?"

"ఇంకా టైముందిలే."

"ఊరినాయో లేదో సూడాల గదా."

"చూస్తా" అన్నాడుగానీ పెరకలేదు. అక్క అయితే ఈపాటికి నాలుగుచోట్ల పెరికి, గోటితో గీరి, కొరికి చూసి ఉండేది. ఆకు అంతగా లేస్తే కింద ఏముంటుందో అతనికి తెలుసు. తెలిసి కూడా, పెరకనన్నాళ్ళూ పెరకకుండా ఉండిపోయాడు.

కోతకు కూలీలు వచ్చిన రోజు మొదటి బోదె లాగిన ఆడమనిషి నవ్వింది. ఆమె చేతిలో ఉన్న క్యారెట్టుకు రెండు కాళ్ళున్నాయి. తర్వాతదానికి మూడు. కొన్ని ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ఒళ్ళంతా సన్నటి వెంట్రుకల్లాంటి వేళ్ళు. లావు లేదు, పొడవు లేదు, ఆకు మాత్రం చేతినిండా. మొదట నవ్విన కూలీలు పోనుపోను నవ్వడం మానేశారు. పొద్దెక్కాక బోరు పక్కకు వచ్చారు. మంద నిలవని ఆ కాస్త చోటులో, పొయ్యి పెట్టుకుని కూర్చున్న చోటులో, ఆకు పొట్టిగా ఉంది. అక్కడ లాగిన క్యారెట్లు నిటారుగా, నున్నగా, జానెడు పొడవున వచ్చాయి. రెండు గంపలు నిండాయి, అంతే. ధనంజయ ఆ గంపల పక్కన కూర్చుని ఒకటి తీసుకుని మట్టి తుడిచాడు. తినాలనిపించక మళ్ళీ గంపలో వేశాడు.

పలమనేరు మార్కెట్టులో సమీర్ అనే యువకుడి మండీకి అతను ఎప్పుడూ తోలేవాడు. సమీర్ ఒక సంచి విప్పి, నాలుగు గడ్డలు అటూ ఇటూ తిప్పి, సంచి మూతి మళ్ళీ కట్టేశాడు.

"ఇది చెన్నైకి పోదన్నా. తిరుపతి హోటలోళ్ళు గూడా తీసుకోరు. తోలు తీసేదానికే వాళ్ళకు పొద్దు పోతాది." సంచి పక్కకు జరిపి, "అక్క ఉన్నప్పుడు మీ సరుకు సంచి విప్పకుండానే తీసుకునేవాణ్ణి" అన్నాడు.

ఎగతాళికి అన్న మాట కాదు అది. ధనంజయకు తెలుసు. సంచులు మళ్ళీ ఆటోకు ఎత్తించుకుని వచ్చి శాంతయ్య ఆవులకు పోయించాడు. ఆవులు ఇష్టంగా తిన్నాయి.

సంగతి విని ఊరి రైతు సేవా కేంద్రంలో పనిచేసే భానుప్రియ వచ్చింది. కార్వేటినగరం అమ్మాయి. ఉద్యానశాఖ ఉద్యోగం, కొత్తగా చేరింది. చెప్పులు గట్టు మీద విడిచి, పొలంలోకి దిగి, తవ్వగా మిగిలిన మట్టిని పిడికిట్లోకి తీసుకుంది. ఇంకా మాగని పెంటికలు రెండు ఆమె వేళ్ళ మధ్య నలగకుండా ఉండిపోయాయి.

"మంద ఎన్ని రోజులు నిలిపినారన్నా?"

ధనంజయ చెప్పాడు. ఆమె తల ఎత్తి చూసింది.

"పోయినేడు గూడా నిలిపి, మళ్ళీ అన్ని రోజులా? నత్రజని ఎక్కువైపోయిందన్నా. దాంతో బలమంతా ఆకులోకే పోయింది. లేత వేరు కిందికి దిగేటప్పుడు ఈ పచ్చి పెంట తగిలితే కొన మాడిపోతాది, పక్కలకు చీలుతాది. గడ్డ ఊరేదానికి పొటాషు గూడా కావాల గదా. అది చూసినారా?"

"లేదు మేడమ్."

"ఇంత పెట్టమని ఎవరు చెప్పినారు? షాపోళ్ళా?"

"ఎవురూ చెప్పలేదు."

"మరి తెలీదా?"

"తెలుసు" అన్నాడు ధనంజయ.

ఆమె ఎదురుచూసింది. అతను బోరు వైపు చూస్తూ నిలబడ్డాడు. చెప్పాలంటే చెప్పవచ్చు. ఎదురుగా ఉన్నది కూతురి వయసు పిల్ల, ఓపికగా వింటుంది కూడా. కానీ ఏమని చెప్పాలి? అన్నం దగ్గర ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే వినడం కోసం పొలం పాడుచేసుకున్నానని చెప్పాలా?

"ఆ గొర్రెలోళ్ళు..." అన్నాడు. "మనుషులు మంచోళ్ళు మేడమ్. సాయంత్రమైతే పొయ్యి పెట్టేవాళ్ళు."

 భానుప్రియ పరీక్షకని మట్టి సంచిలో వేసుకుని మూతి కట్టింది. పోయేముందు, ఈ చెక్కలో వెంటనే రాగులు పెట్టమంది, ఉన్న సత్తువంతా అవి తినేస్తాయంది. వెనకాల చెక్కలో రాగులు కోతకు వచ్చాయి గనక ఆ నేలలో బీట్‌రూటు పెట్టమంది. మట్టి పరీక్ష వచ్చాక మళ్ళీ వచ్చి, మాగిన ఎరువు ఎంత, యూరియా ఎంత తగ్గించాలి, పొటాషు ఏ రెండు దఫాలుగా వేయాలి, ఆకు మీద బోరాన్ ఎప్పుడు కొట్టాలి, అన్నీ నిదానంగా చెప్పింది. ధనంజయ అన్నింటికీ తలాడించాడు. వాటిలో చాలావరకు ముప్పై ఏళ్ళుగా విన్న మాటలే. వేరే గొంతులో వినడం మాత్రం కొత్త.

ఆ బీట్‌రూటు పంటను అతను ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. దిబ్బను రెండుసార్లు తిరగేసి నీళ్ళు చల్లి మాగబెట్టాడు. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన పోయేదాకా ఆగాడు. యూరియా కొద్దిగా చల్లి బస్తా మూతి కట్టేశాడు. బీట్‌రూటు ఆకు ఈసారి మామూలుగా, ఎర్ర ఈనెలతో, జానకు కాస్త పైన నిలిచింది. బాటన పోయేవాళ్ళు ఎవరూ బండి ఆపలేదు.

శివరాత్రి దాటాక తవ్వితే గడ్డలు ఒక్క తీరున, పిడికిలి అంత, గట్టిగా వచ్చాయి. కోసి చూస్తే లోపల ఎక్కడా నల్లమచ్చ లేదు. సమీర్ సంచి విప్పి, మూతి కట్టి, "పాత సరుకు మళ్ళీ వచ్చిందన్నా" అన్నాడు. ఆ పూటే లారీకి ఎక్కించేశాడు.

ధనంజయ ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని గడపలో కూర్చున్నాడు. క్యారెట్టు పాడైనప్పుడు నలుగురు వచ్చారు. శాంతయ్య వచ్చాడు, అతని భార్య పాలు పంపింది, భానుప్రియ వచ్చింది, దారిన పోయేవాళ్ళు కూడా ఆగి అయ్యో అన్నారు. పంట బాగా వస్తే ఎవరు వస్తారు? రావాల్సిన అవసరం ఎవరికీ లేదు. పంట బాగా వచ్చిందని అక్కకు ఒక్కదానికే చెప్పాలని ఉంది. ఆమె ఒక గడ్డ తీసుకుని, కోసి, చూసి, "ఊఁ" అని ఉండేది. ఆ "ఊఁ" కోసం అతను చీకటి పడేదాకా గడపలోనే కూర్చున్నాడు.

మర్నాడు ఒక సంచిలో బీట్‌రూటు నింపుకుని బస్సెక్కాడు. ఎల్లప్ప నంబరు ఫోనులో ఉంది. మంద కావాలనైతే ఫోన్ చెయ్యొచ్చు గానీ, ఊరికే చేసి ఏమని మాట్లాడాలో తోచలేదు. పుంగనూరులో దిగి గొర్రెలోళ్ళను అడిగితే, చౌడేపల్లె బాటలో ఎవరో రైతు పొలంలో ఉన్నారని చెప్పారు. ఎండలో నడిచి వెళ్ళేసరికి ఎల్లప్ప చింతచెట్టు నీడలో కుంటి గొర్రె కాలికి కట్టు కడుతున్నాడు. ధనంజయను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమన్నా ఇంత దూరం? మంద కావాల్నా? ఇప్పుడు కాదన్నా, ఇంకో నెల పడతాది."

"మంద వద్దు" అన్నాడు ధనంజయ. "ఊరికే వచ్చినా."

ఎల్లప్పకు అర్థం కాలేదు. ఊరికే రావడానికి తమ దగ్గర ఏముందన్నట్టు భార్య వైపు చూశాడు. గంగులమ్మ సంచి అందుకుని, లోపల చూసి, పక్కన పెట్టి, నీళ్ళు ఇచ్చింది.

నీళ్ళు తాగి ధనంజయ అన్నాడు: "నీకు అబద్ధం చెప్పినా ఎల్లప్పా. ఆ చెక్కలో రాగులు పెట్టలా. క్యారెట్టు పెట్టినా. పాడైపోయింది."

"తెలుసులేన్నా" అన్నాడు ఎల్లప్ప, కట్టు ముడి బిగిస్తూ. "గెనెం గట్టు మీద డ్రిప్పు పైపులు పరిచి పెట్టినావు గదా. రాగులకు ఎవురన్నా డ్రిప్పు వేస్తారా?"

"తెలిసి కూడా నిలిపినావా?"

ఎల్లప్ప తల వంచుకున్నాడు. గంగులమ్మే జవాబిచ్చింది.

"లేస్తామని రోజూ అనుకునేవాళ్ళం. యాడికి పోయినా పొద్దున రాగులు కొలిచి పంపించేస్తారు గదన్నా. కూర్చోండి అనేవాళ్ళు యాడుండారు? నీ దగ్గర బాగుండింది. నీ పైరు పోతాదని తెలిసీ కూర్చున్నాం."

 ఎవరి తప్పు ఎంతో లెక్కతేల్చే ఆలోచన ఎవరికీ రాలేదు. గంగులమ్మ బీట్‌రూటు తరిగి చెనక్కాయపొడి వేసి వేపుడు చేసింది. ఆకును కూడా పారేయకుండా పప్పులో వేసింది. తింటూ ఎల్లప్ప ఏనుగుల సంగతి చెప్పాడు. పోయినేడు చెప్పిన సంగతే అది. ధనంజయ మొదటిసారి విన్నట్టు విన్నాడు.

పొద్దు వాలుతుంటే లేచాడు. ఉండమన్నారు. తెల్లారి కరెంటు వచ్చే టైముకు మోటరు వేయాలని చెప్పాడు. ఎల్లప్ప మందను వదిలి రాలేడు గనక గంగులమ్మ రోడ్డు కనపడేదాకా తోడు వచ్చింది.

"అన్నా, ఈ తూరి మీ పక్కకు వస్తే మంద శాంతయ్య బీడులో నిలుపుతాం. కూటికి నీ దగ్గరికి వస్తాం" అంది.

"రాండి" అన్నాడు.

బస్సులో జనం పెద్దగా లేరు. కిటికీ పక్కన కూర్చుని, చీకటి పడుతున్న చేలను చూస్తూ వచ్చాడు. కండక్టరు వచ్చి యాడికి అని అడిగితే, గొంతు సవరించుకోకుండానే పలమనేరు అని చెప్పాడు. పలమనేరులో దిగేసరికి తన ఊరికి పోయే ఆఖరి ఆటో వెళ్ళిపోయింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఒక్కడే నడక మొదలుపెట్టాడు.